శని, ఆదివారాల ఫుట్‌బాల్ మ్యాచ్‌లు: ఎవరు గెలుస్తారో రాయండి (పర్లాకిమిడి గ్రౌండ్, సెమీస్ + ఫైనల్)

పర్లాకిమిడి_బావ · గురువారం రాత్రి 8:40
శనివారం 2 గంటలకి గుణుపురం × మోహనా. 3:30కి పర్లాకిమిడి × పాతపట్నం. గెలిచిన ఇద్దరికీ ఆదివారం 3:30కి ఫైనల్. ఆట 30–30 నిమిషాలు. ఎక్స్‌ట్రా టైమ్ లేదు, సమానమైతే నేరుగా టైబ్రేకర్ (పెనాల్టీ కిక్కులు). కప్పుతో పాటు గెలిచినవాళ్ళకి పొట్టేలు, ఓడినవాళ్ళకి కోళ్ళు.

పాయింట్లు ఎప్పటిలాగే. గెలిచే జట్టు చెబితే 1. అరవై నిమిషాల స్కోరు సరిగ్గా చెబితే ఇంకో 3. టైబ్రేకర్‌కి వెళ్తుందని ముందే రాసి, అదే జరిగితే 2. శనివారం ఒంటిగంటకి ఎంట్రీలు బంద్. ఎడిట్ చేసిన పోస్టు చెల్లదు, తర్వాత నన్ను తిట్టి లాభం లేదు.

ఇంగ్లాండ్ లీగ్, ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) అంచనాలు వేరే చోట రాసుకోండి. ఇది మన గ్రౌండ్ థ్రెడ్.

నావి: గుణుపురం 2–1, పర్లాకిమిడి 1–0.

వంశధార_గట్టు · రాత్రి 8:52
గుణుపురం 3–0. ఇందులో ఆలోచించేదేముంది? క్వార్టర్స్‌లో మావాళ్ళ ఆట చూశారుగా. ఫైనల్లో కూడా గుణుపురమే, ఇప్పుడే రాసుకో బావా.

సరిహద్దు_సీను (పాతపట్నం) · రాత్రి 9:05
ఏటి బావా, పర్లాకిమిడి 1–0 అని అంత ధీమాగా రాసీసావు! మా లెఫ్ట్ వింగర్ని ఆపేవాడు మీ జట్టులో ఉన్నాడా? పాతపట్నం 2–1. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

గోపాలపూర్_కెరటం · రాత్రి 9:11
గట్టు అన్న గుణుపురం తప్ప ఇంకో పేరు ఎప్పుడైనా రాశాడా? జట్టు బస్సు తప్పిపోయి గ్రౌండ్‌కే రాకపోయినా 3–0 అనే రాస్తాడు.

వంశధార_గట్టు · రాత్రి 9:14
బస్సు కాదురా, మావాళ్ళు రైలుకి వస్తారు.

లెక్కల_మాస్టారు (రాయగడ) · రాత్రి 9:40
అందరూ స్కోర్లు రాసేస్తున్నారు, బాగుంది. ఒక్క విషయం గమనించారా? ఇది 90 నిమిషాల ఆట కాదు, 60. దానితో లెక్క చాలా మారుతుంది.

ఇంటర్‌లో పాయిజాన్ విభాజనం (సగటు తెలిస్తే సున్నా, ఒకటి, రెండు గోల్స్ పడే అవకాశం ఎంతో చెప్పే లెక్క) చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఫుట్‌బాల్ గోల్స్‌కి దాన్ని వాడడం కొత్త కాదు, 1982లోనే మాహెర్ అనే ఆయన దీని మీద పేపరు రాశాడు. మన జట్లకి ఎవరూ రికార్డులు రాయరు కాబట్టి ఊరికే అనుకుందాం: 90 నిమిషాల్లో బలమైన జట్టు సగటున ఒకటిన్నర గోల్ కొడుతుంది, రెండోది ఒకటి కొడుతుంది. అప్పుడు బలమైనది గెలిచే అవకాశం 49 శాతం దగ్గర, డ్రా 26, బలహీనమైనది గెలిచేది 25. అంటే ఫేవరెట్ అని మనం ఎగిరే జట్టు కూడా సగం సార్లే గెలుస్తుంది.

ఇప్పుడు అవే జట్లని 60 నిమిషాలు ఆడించండి. డ్రా 34 శాతానికి పోతుంది. మూడు మ్యాచ్‌ల్లో ఒకటి టైబ్రేకర్ అన్నమాట. ఫేవరెట్ 42కి పడిపోతుంది. సున్నా–సున్నా ఒక్కటే 19 శాతం! ఆట ఎంత చిన్నదైతే చిన్న జట్టుకి అంత మంచిది.

కాబట్టి నా ఎంట్రీ: మొదటి మ్యాచ్ 1–1, టైబ్రేకర్‌లో గుణుపురం. రెండోది పర్లాకిమిడి 1–0.

గోపాలపూర్_కెరటం · రాత్రి 9:47
మాస్టారూ, ఇంత లెక్క చేసి చివరికి బావ రాసిన 1–0యే రాశారు.

లెక్కల_మాస్టారు · రాత్రి 9:50
మనం అనుకున్న ఆ సగటుకి 60 నిమిషాల్లో 1–0, 0–0 రెండూ సమానమే, చెరో 19 శాతం. అన్ని స్కోర్లలోకీ ఎక్కువ అవకాశం వాటికే. అంత ఎక్కువ అవకాశం ఉన్న స్కోరు రాసినా ఐదుసార్లకి నాలుగుసార్లు తప్పుతుంది. గట్టు రాసిన 3–0 సంగతి నేను చెప్పను.

పాత_విజిల్ (బరంపురం) · రాత్రి 10:20
మాస్టారు చెప్పినది బాగుంది. నేను ఆ గ్రౌండ్‌లో చాలా మ్యాచ్‌లకి విజిల్ ఊదాను కాబట్టి నాకు తెలిసినది చెబుతాను. మన గ్రౌండ్‌లలో గ్యాలరీ ఉండదు. జనం సున్నం గీత మీదే నిలబడతారు. సెకండాఫ్‌కి గీత కనపడదు, కాళ్ళే కనపడతాయి. బాల్ అవుట్ అయిందా లేదా అన్నది లైన్స్‌మన్ జెండా కన్నా ముందు జనమే తేల్చేస్తారు. వింగర్ గీత వెంబడి పరిగెడుతుంటే పక్కనే వంద గొంతులు. ఆ వందా ఎవరివన్నది చూసి ఎంట్రీ రాయండి.

నా ఎంట్రీ: మోహనా టైబ్రేకర్‌లో (0–0), పర్లాకిమిడి 2–1.

లెక్కల_మాస్టారు · రాత్రి 10:31
విజిల్ గారి మాటకి పెద్ద సాక్ష్యమే ఉంది. 2020–21లో కరోనా వల్ల ఇంగ్లాండ్ ప్రీమియర్ లీగ్ దాదాపు ఖాళీ స్టేడియాల్లో జరిగింది. 380 మ్యాచ్‌ల్లో సొంత గ్రౌండ్ జట్లు 144 గెలిస్తే, బయటి నుంచి వచ్చినవాళ్ళు 153 గెలిచారు. ఆ లీగ్‌లో అలా తిరగబడడం అదే మొదటిసారి.

సరిహద్దు_సీను · రాత్రి 10:38
జనం గొంతులంటే మావాళ్ళకి కొత్తేటండి? పాతపట్నం నుంచి పర్లాకిమిడికి సైకిల్ మీద వచ్చీవచ్చు. గ్రౌండ్‌లో సగం మంది మావాళ్ళే ఉంటారు, చూడండి.

మోహనా_కొట్టు · శుక్రవారం ఉదయం 7:15
రాత్రి చదివాను, కొట్టు మూసేసరికి ఆలస్యమైంది. అందరూ క్వార్టర్స్‌లో మోహనా ఆట చూసి రాస్తున్నారు. ఆ జట్టు వేరు, రేపు వచ్చే జట్టు వేరు.

క్రిస్మస్ దగ్గరికొచ్చింది. మా చుట్టుపక్కల సవర ఊళ్ళ కుర్రాళ్ళు కేరళ, చెన్నై పనుల నుంచి ఇళ్ళకి వస్తున్నారు. ఈ వారమంతా పొద్దున్న బస్సుల్లో దిగుతూనే ఉన్నారు. నిన్న సాయంత్రం నలుగురు మా కొట్టుకొచ్చి బూట్ల లేసులు, క్రేప్ బ్యాండేజీ తీసుకున్నారు. అందులో ఒకడు మోహనా జట్టు పాత స్టాపర్ (గోల్ ముందు నిలబడే డిఫెండర్). మలప్పురం వైపు పని. అక్కడ పని అయ్యాక సాయంత్రాలు సెవెన్స్ ఆడతాడట. ఏడుగురే ఆడే ఆట కదా, గ్రౌండ్ చిన్నది, బాల్ కాలికి రాకముందే ఎవరికివ్వాలో తెలిసుండాలి. నిన్న మా కొట్టు ముందు చిన్న పిల్లల బాల్ తీసుకుని మోకాలి మీద ఆడిస్తూ నాతో బేరం ఆడాడు. బాల్ కిందపడలేదు, బేరమూ తగ్గలేదు.

మోహనా 1–0.

వంశధార_గట్టు · ఉదయం 7:30
ఇది అన్యాయం. బయటి ప్లేయర్లు ఇద్దరికి మించి ఉండకూడదని రూలుంది కదా బావా?

పర్లాకిమిడి_బావ · ఉదయం 7:44
ఉంది. వాళ్ళు బయటివాళ్ళు కాదు, ఊళ్ళోవాళ్ళే. కమిటీ ఆధార్ కార్డు చూస్తుంది, దాని మీద ఊరి పేరుంటే చాలు. పని కేరళలో చేస్తే కేరళవాడు అయిపోతాడా? అలా లెక్కేస్తే మన గంజాం సగం సూరత్‌లో ఉంది.

గోపాలపూర్_కెరటం · ఉదయం 8:02
నా పద్ధతి వేరు. 2010 వరల్డ్ కప్‌లో పాల్ అనే ఆక్టోపస్ ఎనిమిది మ్యాచ్‌లకి ఎనిమిదీ సరిగ్గా చెప్పింది. రెండు డబ్బాల మీద రెండు జెండాలు, ఏ డబ్బాలో తిండి తింటే ఆ జట్టు. బావా, ఒకటి పంపమంటావా?

సరిహద్దు_సీను · ఉదయం 8:05
గోపాలపూర్‌లో ఆక్టోపస్ వల్లో పడితే జోస్యం చెప్పేదాకా ఉంచుతారేటి? మధ్యాహ్నానికి కూర.

లెక్కల_మాస్టారు · ఉదయం 8:20
కళ్ళు మూసుకుని ఎనిమిదికి ఎనిమిది చెప్పే అవకాశం 256లో ఒకటి. ప్రపంచంలో ఎన్ని జూలు, ఎన్ని చిలకలు, ఎన్ని ఏనుగులు జోస్యాలు చెప్పుంటాయి? తప్పినవాటి పేర్లు ఎవరికీ గుర్తులేవు, అంతే.

లక్కీ_స్ట్రైక్ · ఉదయం 10:50
[ఈ పోస్టు తొలగించబడింది]

మోడరేటర్ · ఉదయం 11:05
మ్యాచ్‌కి 500 చొప్పున పందెం వేద్దాం, గ్రూపు పెడతాను అని ఒకరు రాశారు. తీసేశాను. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలని దేశమంతా నిషేధిస్తూ 2025 ఆగస్టులో చట్టం వచ్చింది. చట్టం లేకపోయినా ఇక్కడ ఒప్పుకోం. ఊళ్ళో కుర్రాళ్ళ ఆట మీద డబ్బు పెడితే రేపు ఆ గోలీ ఒక బాల్ వదిలినా అనుమానమే. పాయింట్లు మాత్రమే.

అమ్మాజీ_జయపురం · మధ్యాహ్నం 1:10
బావగారూ, ఆదివారం 2 గంటలకి అమ్మాయిల మ్యాచ్ ఉందని పోస్టర్‌లో చూశాను. మీ లిస్టులో లేదేం? మా అమ్మాయి రాయగడ తరఫున ఆడుతోంది, పర్లాకిమిడి అమ్మాయిల మీద.

ఒడిశాలో అమ్మాయిల ఫుట్‌బాల్ ఏమీ తక్కువది కాదు. 2023–24లో ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది ఒడిశా ఎఫ్‌సీ అమ్మాయిలే. మనవాళ్ళ సంగతి చెప్పాలంటే నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన సౌమ్య గుగులోత్ ఇండియాకి ఆడుతోంది. 2025 జూలైలో థాయ్‌లాండ్‌ని వాళ్ళ గడ్డ మీదే 2–1తో ఓడించి మన అమ్మాయిలు ఏషియన్ కప్‌కి వెళ్ళారు. ఆ మ్యాచ్‌కి ముందు థాయ్‌లాండే ఫేవరెట్ అని అందరూ రాశారు.

రాయగడ 2–0. తల్లిని కాబట్టి రాశానంటారేమో, అనుకోండి.

పర్లాకిమిడి_బావ · మధ్యాహ్నం 1:25
చేర్చాను అమ్మాజీ గారూ. దానికి ఆదివారం ఒంటిగంట దాకా టైముంది. నాది పర్లాకిమిడి 1–0, ఏమనుకోవద్దు.

లెక్కల_మాస్టారు · మధ్యాహ్నం 1:40
అమ్మాజీ గారూ, మా రాయగడే కాబట్టి నేనూ రాయగడే. 1–0.

గోపాలపూర్_కెరటం · మధ్యాహ్నం 1:42
ఈ ఎంట్రీకి పాయిజాన్ వాడలేదా మాస్టారూ?

సరిహద్దు_సీను · శుక్రవారం రాత్రి 8:10
విజిల్ మావయ్య గారూ, ఒక సందేహం. మా మ్యాచ్ టైబ్రేకర్‌కి వెళ్తే పావు తక్కువ ఐదవుతుంది. ఈ నెలలో ఐదుంబావుకల్లా పొద్దు కుంకిపోతోంది. ఆ టైముకి తూర్పు గోల్‌లో నిలబడినవాడికి ఎండ తిన్నగా కళ్ళలోకే. ఏ గోల్‌లో కొట్టాలో ఎవరు చెబుతారు?

పాత_విజిల్ · రాత్రి 8:35
రెఫరీ టాస్ వేసి తేలుస్తాడు. గ్రౌండ్ పాడయితేనో, జనం వల్ల ప్రమాదమనుకుంటేనో తప్ప మార్చరు. ఎవరు ముందు కొట్టాలన్నది ఇంకో టాస్. కాని సీనూ, రెండు జట్లూ ఒకే గోల్ మీద కొడతాయి. ఎండ మీ గోలీకి ఎంతో వాళ్ళ గోలీకీ అంతే.

సరిహద్దు_సీను · రాత్రి 8:38
అంతే కాదండీ. వాళ్ళ గోలీ రోజూ సాయంత్రం అదే గోల్‌లో ప్రాక్టీస్ చేస్తాడు. మావాడు పొద్దున్నే చేస్తాడు.

పాత_విజిల్ · రాత్రి 8:50
ఇది మంచి పాయింటే. గోలీ గురించి ఇంకోటి చెబుతాను, ఈసారి గ్రౌండ్‌కి వెళ్తే చూడండి. మన కుర్ర గోలీలు కిక్ కొట్టకముందే రెండడుగులు ముందుకి దూకేస్తారు. 2019 నుంచి రూలు స్పష్టం: కొట్టే క్షణానికి కనీసం ఒక కాలు గీత మీదో, గీతకి సరిగ్గా పైనో ఉండాలి (2022 నుంచి గీత వెనక ఉన్నా సరే). రెఫరీ గట్టివాడైతే ఆపిన పెనాల్టీ కూడా మళ్ళీ కొట్టిస్తాడు. సాధారణంగా నాలుగు కిక్కుల్లో మూడు గోలవుతాయి. ఒక్కటి ఎక్కువ ఆపితే చాలు, మ్యాచ్ మారిపోతుంది.

మన హైదరాబాద్ జట్టు 2022 మార్చిలో ఐఎస్ఎల్ ఎలా గెలిచింది? గోవాలో కేరళ మీద 1–1, టైబ్రేకర్‌లో 3–1. గోలీ కట్టిమణి మూడు ఆపాడు. గ్రౌండంతా కేరళ పసుపు చొక్కాలే. జనం గొంతు గురించి నిన్న నేనే రాశాను గాని, పెనాల్టీ దగ్గర మాత్రం గోలీ గుండె ముందు ఆ గొంతులు పనిచెయ్యవు.

మోహనా_కొట్టు · రాత్రి 9:30
మావాళ్ళ గోలీ గురించి ఎవరూ అడగలేదు. పొట్టివాడు. కాని గీత కదలడు. చర్చి ప్రాంగణంలో పిల్లలంతా వాడి మీద పెనాల్టీలు కొట్టి కొట్టి విసిగిపోయారు. టైబ్రేకర్‌కి వెళ్తే మోహనాయే అని నా ఎంట్రీ పక్కన రాయొచ్చా బావా?

పర్లాకిమిడి_బావ · రాత్రి 9:34
ఎడిట్ వద్దు, కొత్త పోస్టుగా రాయండి. చివరిదే లెక్క.

మోహనా_కొట్టు · రాత్రి 9:36
అయితే మోహనా, 1–1, టైబ్రేకర్.

వంశధార_గట్టు · రాత్రి 9:41
గుణుపురం 3–0. మార్చను.

పర్లాకిమిడి_బావ · శనివారం రాత్రి 7:20
ఫలితాలు.

గుణుపురం 1 – మోహనా 1. టైబ్రేకర్‌లో మోహనా 4–3. కొట్టు అన్నగారికి అన్నీ తగిలాయి: జట్టు, స్కోరు, టైబ్రేకర్, మొత్తం 6. మాస్టారికి స్కోరు, టైబ్రేకర్ వచ్చాయి, జట్టు పోయింది. విజిల్ గారికి జట్టు, టైబ్రేకర్. గుణుపురం మొదటి పదిహేను నిమిషాల్లో ఒకటి కొట్టి వెనక్కి వెళ్ళిపోయింది. కేరళ స్టాపర్ సెకండాఫ్‌లో కార్నర్‌కి పైకొచ్చి తలతో కొట్టాడు. ఐదో కిక్కు గుణుపురం కెప్టెన్‌ది. పొట్టి గోలీ చివరిదాకా గీత మీదే ఉండి ఎడమవైపు పడ్డాడు. బాల్ చేతికి తగిలి స్తంభం పక్కనుంచి బయటికి.

పర్లాకిమిడి 1 – పాతపట్నం 3. దీని గురించి నేనేమీ రాయను. సీనుకి 1 పాయింట్. స్కోరు ఎవరికీ రాలేదు.

సరిహద్దు_సీను · రాత్రి 7:24
రాయను అంటే ఎలాగ బావా? లెఫ్ట్ వింగర్ గురించి రెండు ముక్కలు రాయవూ! మీ రైట్ బ్యాక్ ఇంకా గ్రౌండ్‌లోనే ఎతుక్కుంటన్నాడట.

వంశధార_గట్టు · రాత్రి 7:40
ఐదో కిక్కు కెప్టెన్‌కి ఇవ్వకూడదు. మంచి కిక్కర్ని మొదట్లో పంపాలి. నేను గ్రౌండ్‌లో అరిచాను కూడా, వినలేదు.

గోపాలపూర్_కెరటం · రాత్రి 7:43
ఫైనల్లో ఎవరన్నా? గుణుపురం 3–0?

లెక్కల_మాస్టారు · రాత్రి 8:15
ఇప్పుడు అసలు చిక్కు వచ్చింది. రెండు జట్లకీ ఇది సొంత గ్రౌండ్ కాదు. పర్లాకిమిడి జనం గీత మీద నిలబడేది ఎవరి కోసం? నాకు మిగతా విషయాలన్నీ సమానంగా కనిపిస్తున్నాయి. ఇది తేలితే ఫైనల్ తేలినట్టే.

పర్లాకిమిడి_బావ · రాత్రి 8:22
మోహనా మా గజపతి జిల్లా జట్టు, పాతపట్నం ఆంధ్రా. మావాళ్ళంతా అటే. అదీ కాక ఇవాళ మూడు గోల్స్ తిన్న కోపం ఊరంతా ఉంది.

సరిహద్దు_సీను · రాత్రి 8:25
జిల్లా అంటావు, రాష్ట్రం అంటావు. మీ వీధిలో ఎన్ని ఇళ్ళకి మా ఊరి పిల్లల్ని ఇచ్చాం? మా అల్లుళ్ళే మీ ఊళ్ళో సగం మంది. రేపు వాళ్ళు మోహనా అని అరిస్తే సంక్రాంతికి అత్తారింట్లో ఏటి పెడతారో చూసుకోమను.

అమ్మాజీ_జయపురం · రాత్రి 8:31
అల్లుళ్ళ సంగతి సరే, గ్రౌండ్‌కి వెళ్ళే కోడళ్ళు కూడా ఉంటారు. పాతపట్నం ఆడపడుచులు పర్లాకిమిడిలో ఉన్నారు కదా, వాళ్ళ గొంతు మీరెవరూ లెక్కేసుకోలేదు. పాతపట్నం 2–1.

పాత_విజిల్ · రాత్రి 8:50
రెండు సంగతులు. మోహనావాళ్ళు టైబ్రేకర్ దాకా లాగారు, అయితే మొదటి మ్యాచ్ కాబట్టి పాతపట్నం కన్నా గంట పైన ముందే వాళ్ళకి విశ్రాంతి దొరికింది. ఆ స్టాపర్ మాత్రం ఆఖరి పది నిమిషాలు కుంటుకుంటూ ఆడాడు, నేను గీత దగ్గరే ఉన్నాను. వాడు రేపు దిగకపోతే పాతపట్నం వింగర్‌కి అడ్డు లేదు. దిగితే 0–0, టైబ్రేకర్, మోహనా. నేను దిగుతాడనే రాస్తున్నాను.

మోహనా_కొట్టు · రాత్రి 9:15
వాళ్ళంతా పర్లాకిమిడిలోనే తెలిసినవాళ్ళింట్లో పడుకున్నారు. ఇప్పుడే ఫోన్ చేశాను. చీలమండ వాచింది, ఐసు పెట్టారు. రేపు పొద్దున్న నడిచి చూస్తానన్నాడు. నేను క్రేప్ బ్యాండేజీ ఇంకోటి పంపుతున్నాను, డబ్బు తీసుకోను. మోహనా 1–0.

లెక్కల_మాస్టారు · రాత్రి 9:28
36 మ్యాచ్‌లు ఓడకుండా 2022 వరల్డ్ కప్‌కి వచ్చిన అర్జెంటీనా అక్కడ మొదటి మ్యాచ్ సౌదీ చేతిలో 2–1తో ఓడింది. అదే అర్జెంటీనా కప్పు తీసుకెళ్ళింది. ఇవాళ 3–1 చూసి రేపటికి పాతపట్నం అనను. ఐసు సంగతి విన్నాక మోహనా అనీ అనను. 1–1, టైబ్రేకర్. జట్టు రాయక తప్పదు కాబట్టి పొట్టి గోలీకి నా ఓటు, మోహనా.

సరిహద్దు_సీను · రాత్రి 9:30
పాతపట్నం 2–0. పొట్టేలుని కట్టడానికి తాడు కూడా కొనీసాం.

గోపాలపూర్_కెరటం · రాత్రి 9:33
పాతపట్నం 1–0. అమ్మాయిల మ్యాచ్‌లో రాయగడ 1–0, మాస్టారి మొహం చూసి.

పర్లాకిమిడి_బావ · ఆదివారం మధ్యాహ్నం 1:00
ఎంట్రీలు బంద్. ఫైనల్‌కి మోహనా అన్నవాళ్ళు నలుగురు: కొట్టు, విజిల్ గారు, మాస్టారు, నేను (2–1). పాతపట్నం అన్నవాళ్ళు ముగ్గురు: సీను, అమ్మాజీ గారు, కెరటం. స్టాపర్ పొద్దున్న గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు పరిగెత్తాడు, నేను చూశాను. కమిటీవాళ్ళు సున్నం మళ్ళీ వేస్తున్నారు, ఈసారి గీతకి రెండు గజాల అవతల తాడు కూడా కడుతున్నారు. ఆ తాడు ఎంతసేపు ఉంటుందో దానికి పాయింట్లు లేవు.

వంశధార_గట్టు · మధ్యాహ్నం 1:04
పాతపట్నం 3–0.

పర్లాకిమిడి_బావ · మధ్యాహ్నం 1:05
ఒంటిగంట దాటింది గట్టూ. చెల్లదు.